నేలలోని పాతర

ఏటేట వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో ధవళేశ్వరమునుండి ఏ కాలువగట్టు పట్టుకొని దిగువకు నడచినను కంటబడు దృశ్యము ఒక్కటియే. నీరింకిన అడుగున ఎండి నల్లబడిన గుఱ్ఱపుడెక్క, దానిని పెల్లగించి ఒడ్డున పడవేయుచున్న యంత్రము, ఆ ప్రక్కనే గట్టు లోవాలున దిబ్బలుగా పోసిన బురద. కొలది వారములకు నీరు విడుతురు. "ఈ యేడు కాలువ అద్దంలా ఉందండీ" యని గట్టుమీద నిలచిన రైతు సంతోషించును. ఆ సంతోషము వినాయకచవితివఱకైన నిలుచుట అరుదు. పత్రికొఱకు పిల్లలు గట్టు వెంబడి తిరుగునాటికి ఆ అద్దముపై మరల పచ్చని దుప్పటి పఱచుకొనియుండును. శివారు భూములకు నీరందక రైతులు లాకులకడ మూగుదురు. అటుపిమ్మట నిందలు ప్రారంభమగును. గుత్తేదారు పైపైన గీరి పోయెనని రైతు, రైతులు చెత్తయెల్ల కాలువలోనే వేయుచున్నారని అధికారి, బిల్లు ఇంకను రాలేదని గుత్తేదారు.

ఈ నిందలలో సత్యము లేదనము. కాని గుఱ్ఱపుడెక్క ఏటేట ఏల వచ్చుచున్నదను ప్రశ్నకు వీనిలో ఏదియు సమాధానము కాదు. మనము చూచుచున్న మొక్క వడ్డీ మాత్రమే. అసలు బురదలో నున్నది. ఏటేట వడ్డీ చెల్లించుచు, అసలు పెరుగుచుండగా పత్రము తీసి చూడని ఋణస్థునివలె ఉభయ గోదావరి మండలములవారమగు మనము వ్యవహరించుచున్నాము. ఈ మాట ఒక్క కాలువకే కాదు. వయ్యారిభామ నిండిన ఇండ్లస్థలములకును, బంగారుతీగ క్రమ్మిన మినుముచేలకును, సర్కారుతుమ్మ ఆక్రమించిన గట్లకును సమానముగా వర్తించును.

మన పెద్దలు ధాన్యమును భూమిలో పాతరవేసి దాచెడివారు. పైన నడచిపోవువానికి తన కాలిక్రింద గింజలున్నవని తెలియదు. ప్రతి నేలయందును ప్రకృతి వేసిన అట్టి పాతర యొకటి కలదు. ఏండ్లతరబడి రాలిన విత్తనములు, గాలి తెచ్చినవి, వరద తెచ్చినవి, పశువుల పేడతో వచ్చినవి, అన్నియు మంటిలో దిగి నిద్రించుచుండును. వానిలో అధికభాగము పై జానెడు మంటిలోనే యుండును. కొన్ని ఒక్క ఋతువులో చచ్చును. కొన్ని దశాబ్దములు ప్రాణము నిలుపుకొని, వెలుతురు, తేమ, వేడిమి మూడును కూడిన దినముకొఱకు ఎదురుచూచును. డార్విను పండితుడు ఒక చిన్న గుంట అంచున మూడు చోట్లనుండి మూడు గరిటెల బురద తీసి, ఆఱు మాసములు తన చదువుగదిలో మూతవేసి యుంచి, మొలచిన ప్రతి మొక్కను పెఱికి లెక్కించెను. ఆ బురద ఆఱిన పిదప ఇన్నూఱు గ్రాములైనను లేదు. మొక్కలు 537 వచ్చెను. 1879లో అమెరికాయందలి మిషిగనులో బీల్ అను ఆచార్యుడు 20 సీసాలలో ఇసుకతో కలిపి కలుపు మొక్కల విత్తనములను భూమిలో పూడ్చిపెట్టెను. ఆయన గతించినను ఆయన శిష్యపరంపర ఆ సీసాలను నియమితకాలమునకు ఒక్కొక్కటిగా తీయుచునే యున్నది. 2021లో తీసిన సీసాలో 142 సంవత్సరముల పిదపను కొన్ని విత్తనములు మొలచినవి. మంటి జ్ఞాపకశక్తి మనుజుల జ్ఞాపకశక్తికంటె దీర్ఘమైనదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు.

ఈ పాతరకును జమాఖర్చులు కలవు. ఏటేట రాలు గింజలు జమ. మొలచునవి, కుళ్లునవి, చీమలును పిట్టలును తినునవి ఖర్చు. జమ ఆగిపోయినయెడల నిలువ క్రమముగా తఱుగును. జమ ఒక్క జాతినుండియే వచ్చినయెడల కొన్నియేండ్లకు పాతరయెల్ల ఆ జాతిదే యగును. మనము చెప్పదలచిన కథయంతయు ఈ రెండు వాక్యములలోనే యున్నది.

డెల్టా నేలల పాత నిలువలో ఏమేమి యుండెనో వృద్ధులైన రైతుల నడిగిన వ్రేళ్లపై లెక్కించి చెప్పుదురు. తుంగ, ఊద, గరిక, పొన్నగంటి, గుంటగలగర, గలిజేరు, నేలయుసిరి, తుమ్మి, ఉత్తరేణి, పిల్లిపెసర. వీనిలో తుంగయు ఊదయు వరిరైతునకు మిత్రులు కావు. అయినను అవి ఎఱిగిన శత్రువులు. ఒకసారి దమ్ముచేసి, కొన్నిదినము లాగి, మొలచినదానిని రెండవ దమ్ములో అణగద్రొక్కు వాడుక ఊరక వచ్చినది కాదు. అది పాతర మూత తీసి గింజలను బయటికి రప్పించి చంపు ఉపాయము. శాస్త్రజ్ఞులు ఇప్పుడు గ్రంథములలో వ్రాయుచున్న విద్యను మన పాలేర్లు ఎడ్లవెనుక నడచుచు సాధించిరి. నేడు యంత్రము ఉదయమున దమ్ముచేసిన మడిలో సాయంకాలమునకే నారు పడవలయునను తొందరలో ఆ విరామము మాయమైనది. దాని స్థానమున మందుసీసా వచ్చినది.

పాతరలోని తక్కినవాని విలువ మనము కొలువ మఱచితిమి. పొన్నగంటియు గలిజేరును పేదయింటి కూర. గరిక కాలువగట్టునకు కవచము. గట్టును ఒకసారి చెక్కినను, తొలకరి వానకు తెగిన తీగనుండియు మిగిలిన వేరునుండియు గరిక మరల లేచి మంటిని పట్టుకొనును. పిల్లిపెసర విత్తకయే మొలచి పశువులకు మేతయు నేలకు ఎరువును అగును. నేలకు గాయమైనప్పుడు ఎవరును పిలువకయే వచ్చి ఆ గాయమును మాన్పునది ఈ నిలువయే. ఇది యున్నంతకాలము త్రవ్విన నేల తన్నుతాను కప్పుకొనెడిది. అందుచేతనే మన తాతలు ఈ విషయమును ఒక విషయముగా తలపలేదు.

ఇప్పుడు గుఱ్ఱపుడెక్క మాట చూతము. దక్షిణ అమెరికా నదులది ఈ మొక్క. దాని పూవు అందమును మెచ్చి తోటలలో పెంచిరి. గత శతాబ్దారంభమునాటికే వంగదేశపు నదులను క్రమ్మెను. అచ్చట 1936లో దానిపై శాసనమే చేసిరి. శాసనము పుస్తకములలో మిగిలినది, మొక్క నీటిలో మిగిలినది. అది ప్రధానముగా పిలకలచేతనే వ్యాపించుననుట నిజము. అనుకూలమైన నీటిలో రెండు వారములలో రెండింతలగును. అందుచేత ఎగువ మురుగుకోడులోనో ఊరచెఱువులోనో పది మొక్కలు మిగిలినను కాలువ నిండుటకు చాలును. ఇది అందఱును ఎఱిగినదే. ఎఱుగనిది రెండవ మార్గము. పూచిన పిదప దాని కాడ వంగి నీటిలో మునుగును. కాయ పగిలి సన్నని గింజలు అడుగునకు దిగి బురదలో చేరును. ఆ గింజ 15, 20 సంవత్సరములు, కొన్నియెడల అంతకు మించియు బ్రదికియుండును. నీరు లోతుగా నిలచినంతకాలము అది నిద్రించును. నీరు తగ్గి, బురద బయల్పడి, ఎండ తగిలి, పిదప పలుచని నీరు వచ్చి చేరినప్పుడు మేల్కొనును.

వేసవిలో కాలువ కట్టి, తొలకరిలో నీరు విడుచుట యనగా సరిగా ఇదియే. కాలువలు కట్టవలదని మా భావము కాదు. మరమ్మతులకు వేఱు దారి లేదు. కాని ఆ మూడు వారములలో మనము చేయుచున్న పని యేమి? పది పదునైదేండ్ల గింజలున్న అడుగు బురదను యంత్రముతో కలచి పైకి తెచ్చి, దూరము తీసికొనిపోవు ఖర్చు తప్పించుకొనుటకై గట్టు లోవాలుననే పోయుచున్నాము. మొదటి పెద్దవానకు ఆ దిబ్బ సగము జాఱి కాలువలోనే పడును. తీసిన పూడికకు ఒకమాఱు కొలత వ్రాసి, జాఱిన పూడికకు మఱుసటియేడు మఱల కొలత వ్రాయుట ఎవరికి లాభమో చెప్పనక్కఱలేదు. గుఱ్ఱపుడెక్కకు మాత్రము తప్పక లాభమే. పూడికతో పాటు పాతరను కూడ తిరుగవేసి, గాలి వెలుతురు తగిలించి, దానికి సేద్యము చేసి పెట్టుచున్నాము.

బురద దోషమేమియు లేదు. కోనసీమలో కాలువ ఒండ్రు కొబ్బరితోటలకు వేయుట ప్రాతవాడుక. తోట మెరకలో గుఱ్ఱపుడెక్క గింజ మొలచినను బ్రదుకనేరదు. నేల ఆఱగానే చచ్చును. కాబట్టి తీసిన బురదను తడియాఱగానే తోటలకు చేర్చిన, రైతునకు సారము, కాలువకు విముక్తి. కాని ఒక జాగ్రత్త కావలయును. దిబ్బ గట్టుపై ఒక వర్షఋతువు నిలచెనా, దానిపై వయ్యారిభామ మొలచి పూచి రాల్చును. ఆ మీదట ఆ మన్ను బండి యెక్కి ఎచ్చటికి పోయిన అచ్చటికి రెండవ శత్రువు ప్రయాణము చేయును.

కాంగ్రెసుగడ్డి యని లోకమునను, వయ్యారిభామ యని మనవారిలోను పేరొందిన ఈ మొక్కను గూర్చి ఒక కథ విస్తారముగా నమ్మబడుచున్నది. 1956 ప్రాంతమున అమెరికా పంపిన గోధుమలతో ఇది మన దేశమునకు వచ్చెనని ఆ కథ. పూనాలో 1955 ప్రాంతమున ఇది విరివిగా కనబడినమాటయు, తరువాత దేశమంతట ప్రాకినమాటయు నిజమే. కాని 1814లో శ్రీరామపురమున ముద్రితమైన కలకత్తా తోట మొక్కల పట్టికలో దీని పేరు కలదు. ఆ పట్టిక రచించిన రాక్స్‌బర్గు దొర మనకు పరాయివాడు కాడు. 1793లో కలకత్తాకు పోవునంతవఱకు మన సామర్లకోటలోనే యుండి, తోట వేసి, ఈ తీరపు మొక్కలను చిత్రములు వ్రాయించి గ్రంథముగా ప్రకటించినవాడు. శతాబ్దమునకు పైగా ఒక మూల అణగియున్న మొక్క పిదప దేశమును కమ్మినదన్నచో, గోధుమబస్తాపై నేరమంతయు మోపుట సులభమే గాని సరికాదు. మొక్క రాక ఒక సంగతి. దానికి చోటు దొరకుట మఱియొక సంగతి. రోడ్లు, కట్టడములు, రైలుకట్టలు, బీడులు పెరిగి కదిపిన నేల దేశమంతట విస్తరించిన కాలమునందే ఇదియు విస్తరించెను.

విదేశపు మొక్క యగుటయే అపరాధమనువారితో మేము ఏకీభవింపము. మిరపకాయ అమెరికాది. వేరుసెనగ అమెరికాది. జీడిమామిడియు, గోదావరి లంకలకు పేరుతెచ్చిన పొగాకును ఆ ఖండమువే. అవి మన సేవకై రైతు చేతిమీదుగా వచ్చి, రైతు విత్తినచోటనే యుండినవి. సర్కారుతుమ్మ సంగతి కొంచెము వేఱు. వంటచెఱకు కొఱత తీఱుటకై 1877లో బుద్ధిపూర్వకముగా తెప్పించి కడప ప్రాంతమున నాటిరి. నేడు సముద్రతీరపు చవుడుగట్లవఱకు నది వ్యాపించియున్నది. దాని కాయలు తిన్న మేకయు గేదెయు గింజలను పేడతో మోసి, గట్టిపెంకు మెత్తబఱచి మఱీ విత్తుచున్నవి. వంటచెఱకు లభించినమాట నిజమే యని దాని పక్షమున చెప్పవలసిన న్యాయము కలదు.

వయ్యారిభామ లెక్క చూడుడు. మొలచిన నెల, నెలన్నరకే పూయును. తేమ యున్నచో ఏ మాసమునందైనను మొలచును. కాబట్టి ఒక సంవత్సరములోనే పలు తరములు గడచును. ఒక మొక్క 15 వేలనుండి 25 వేలవఱకు గింజలు రాల్చగలదు. పైన పడియున్న గింజ రెండేండ్లలోపల మొలచుటయో చచ్చుటయో జరుగును. మంటిలో పూడిన గింజ అంతకు ఎన్నియో యేండ్లు అధికముగా బ్రదుకును. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండున నేలను తీసి మొలకలు లెక్కింపగా, ఇది ఆక్రమించినచోట్ల పాతరలో అధికభాగము దీనిదే యని తేలినది. తక్కిన జాతులు లేకపోలేదు గాని, వేయిమందిలో ఒక్కడు మాటాడిన వినబడనట్లు, వాని మొలక పైకి రాకమునుపే దీని మొలకలు వెలుతురును మూసివేయును. దీని ఆకునుండియు వేరునుండియు దిగు రసము ఇరుగుపొరుగు గింజలను మొలవనీయదు. పాత జాతులకు జమ తగ్గినది, ఖర్చు మాత్రము యథాప్రకారము జరుగుచున్నది. కొన్నియేండ్ల పిదప వయ్యారిభామను సమూలముగా పెఱికివేసితిమే యనుకొందము. ఆ నేలలో తిరిగి లేచుటకు గరిక యున్నదా? గుంటగలగర యున్నదా? ఉన్నచో ఎంత?

ఇచ్చట మా పాఠకులకు రుచింపని మాట యొకటి చెప్పవలసియున్నది. రాజమహేంద్రవరము, భీమవరము, కాకినాడ, అమలాపురము, ఈ పట్టణములలో దేనినుండి వెలువడు రోడ్డు వెంబడి పోయినను, ఒకప్పుడు ఏడాదికి రెండు పంటలు పండిన మాగాణి ఇండ్లస్థలములుగా మాఱియున్నది. పొలము కొందురు. పై మన్ను అమ్ముకొందురు, లేదా దానిపై ఎఱ్ఱగ్రావెలు పోయుదురు. సరిహద్దురాళ్లు పాతి, రంగువేసి, రోడ్లు గీసి, పిదప ధర పెరుగువఱకు కదలింపరు. యజమాని హైదరాబాదులోనో టెక్సాసులోనో యుండును. ఆ స్థలము అయిదేండ్లు, పదియేండ్లు వయ్యారిభామకు విత్తనక్షేత్రముగా నుండును. ప్రక్కపొలము రైతు తన మడిలో కలుపు తీయించు కూలి ఏటేట పెరుగుచున్నదని మొఱపెట్టును గాని, ఆ గింజ ఎవరి స్థలమునుండి వచ్చినదో యెవరును అడుగరు. ఈ పుట చదువువారిలో అట్టి స్థలములు గలవారు లేకపోలేదు. కలుపు తీయు స్త్రీల చేతులకు దద్దురులు, కొందఱకు ఉబ్బసము, ఇవియు ఆ ధరలో చేరినవే. కాని ఆ లెక్క దస్తావేజులో వ్రాయబడదు.

ఈ మొక్కపై శ్రమదానములు జరుగుచున్నవి. చేయువారి సదుద్దేశమును శంకింపము. కాని అవి ఎప్పుడు జరుగుచున్నవి? తెల్లని పూలు విరగబూచి, మొక్క అందఱకంట బడినప్పుడు. అప్పటికి క్రింది కొమ్మల గింజ పండియే యుండును. పెఱికి, విదలించి, రోడ్డుప్రక్క కుప్పవేసి, ఛాయాచిత్రము తీయించుకొని పోయినచో, గింజలను సమముగా వెదజల్లినవారమైతిమి. మొక్కై వంగనిది మానై వంగునా యను సామెత వయ్యారిభామ విషయమున అక్షరసత్యము: నాలుగు ఆకుల మొలకగా నున్నప్పుడు పలుగుతో గీరిన చాలును, లేదా పూమొగ్గ తొడుగకమునుపు తడినేలలో వేరుతో లాగవలయును. మొదలంట నఱకిన మరల చిగిర్చును. మెక్సికోనుండి తెచ్చి 1984లో బెంగుళూరులో విడిచిన పెంకుపురుగు దీని ఆకును తిని కొంత మేలు చేయుచున్నది. గుఱ్ఱపుడెక్కకును అట్టి ముక్కుపురుగులు ఆ దశాబ్దముననే వచ్చినవి. మంచిదే. అయితే పురుగు ఆకును తినును, పాతరను తినదు.

ఇంతవఱకు నిండిన పాతరలను గూర్చి చెప్పితిమి. వట్టి పాతర మఱింత ప్రమాదకరము. పది పదునైదు అడుగుల లోతునుండి త్రవ్వి తీసిన మంటిలో గింజలు లేవు. అది మొదటివచ్చినవాని సొత్తు. పోలవరము కుడికాలువ వెంబడి కొండలవలె పోసిన మన్ను, రహదారి వెడల్పుచేయుటకై ఎత్తిన కట్టలు, ఉండి, ఆకివీడు, భీమవరము ప్రాంతములలో మాగాణిని త్రవ్వి చేసిన చేపల రొయ్యల చెఱువుల గట్లు, అన్నియు ఇట్టివే. చెఱువు త్రవ్వువాడు మొదట పై జానెడు మంటిని తీసి అడుగున వేయును. దానిపై లోతుమంటిని పోసి గట్టు కట్టును. అనగా శతాబ్దముల నిలువను తలక్రిందులుచేసి పూడ్చి, ఏమియులేని మంటిని పైకి తెచ్చుచున్నాడు. ఆ గట్టుపై ఏమి మొలవవలయునో గాలియు, లారీచక్రములును నిర్ణయించును. పై మంటిని వేఱుగా తీసి యుంచి, పని ముగిసిన పిదప పైననే పఱచుట గనులు పూడ్చుచోట్ల అనేకదేశములలో ఆచారము. దానికి యంత్రము వేఱు కానక్కఱలేదు. అదే యంత్రమును నడపువానికి ఒక మాట చెప్పిన చాలును.

వ్యాపారముచే కాక అశ్రద్ధచే నిండు పాతరకు ఉదాహరణము మినుముచేలలోని బంగారుతీగ. వరి కోయకమునుపే పదునులో మినుమో పెసరో చల్లి, రెండవపంటగా తీసికొనుట కృష్ణా గోదావరి డెల్టాల ప్రజ్ఞ. దుక్కి లేదు, నీరు లేదు, మంచు తేమతో పంట. ఆ చేలలో ఆకులేని పసుపుదారమువలె అల్లుకొని, మినుముకాండమునందు ముక్కు పొడిచి రసము పీల్చు ఈ తీగను ఎఱుగని రైతు లేడు. దాని గింజ పెంకు గట్టిది. పదియేండ్లకు పైగా మంటిలో వేచియుండును. ఒక్క ఏడు కాయ ముదిరి రాలనిచ్చిన, తన పిల్లవాడు బడి చదువు ముగించువఱకు ఆ రైతు దానితో పోరాడవలయును. అది చాలచోట్ల మొదట వచ్చినది విత్తనపు మినుములోనే. బంగారుతీగ గింజ మినుముకంటె చాల చిన్నది. సరియైన జల్లెడ పట్టిన రాలిపోవును. ఆ జల్లెడ పట్టించుటకు బద్ధకించి, పిదప మందులకు వందలు వేలు వెచ్చించుచున్నాము. తీగ కనబడినచోట ఆశ్రయమిచ్చిన మినుముమొక్కతోకూడ కాయకుమునుపే పీకి కాల్చుట, అంటిన మడిలో కొన్నియేండ్లు మినుము మాని జొన్నయో మొక్కజొన్నయో వేయుట, ఇవి తెలిసిన విరుగుళ్లే. ఆ పైరులపై బంగారుతీగ బ్రదుకనేరదు.

2011 తొలకరిలో కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించి వేలకొలది యెకరములను బీడుపెట్టిరి. గిట్టుబాటు ధర లేదనియు, మురుగు పాఱదనియు వారు చెప్పిన కారణములు న్యాయమైనవే. వారిని నిందించుట మా ఉద్దేశము కాదు. అట్టి విరామములవలన కలుగు నష్టమును ధాన్యపు బస్తాలలో లెక్కించుట మాత్రము చాలదందుము. దమ్ము లేక, నీరు నిలువక ఒక్క ఋతువు విడిచిన మడిలో ఊదయు తుంగయు అడ్డులేక గింజకట్టి రాలును. ఆ జమ తరువాతి పదిపంటల కలుపుకూలిలో బయటపడును. విరామము ప్రకటింపక తప్పనిచో జీలుగయో జనుమో చల్లి నేలను కప్పియుంచుట ఉత్తమము. బోసినేల ఎన్నడును బోసిగా నుండదు.

శాసనము లేకపోలేదు. 1919లోనే మద్రాసు ప్రభుత్వము వ్యవసాయమునకు హానిచేయు చీడలు, తెగుళ్లు, కలుపు మొక్కలపై చట్టము చేసినది. ఒక మొక్కను హానికరమని ప్రకటించి, భూమి అనుభవించువానిచే దానిని తీయించు అధికారము దానివలన కలిగెను. వంగదేశపు అనుభవము చూచిన మనము ఇట్టి చట్టములపై పెద్ద ఆశ పెట్టుకొనము. పురపాలకసంఘములును పంచాయతులును ఇండ్లస్థలపు పటమునకు అనుమతి ఇచ్చునప్పుడే, కట్టడము లేని స్థలమును గరికతోనో జీలుగతోనో కప్పియుంచవలెనని ఒక షరతు వ్రాసిన, కొత్త చట్టముతో పనిలేదు. స్థలము అమ్ముదుమని పత్రికలలో రంగుల ప్రకటనలు వేయువారికి ఆ గింజల ఖర్చు భారము కాదు.

తమ భూమిలో నిలువ యెట్లున్నదో తెలిసికొనగోరువారికి డార్విను పద్ధతి నేటికిని చాలును. తొలకరికిముందు పొలమునుండి ఒక పార, గట్టునుండి ఒక పార, ఖాళీస్థలమునుండి ఒక పార పై మన్ను తెచ్చి, మూడు వెడల్పాటి మట్టి మూకుళ్లలో పలుచగా పఱచి, అరుగుపై నుంచి దినమును తడుపవలయును. మొలచినవానిని గుర్తించి లెక్కవ్రాసి పెఱికివేయుచు, మన్ను కదలించుచు, మూడు నెలలు చూచిన చాలును. పాఠశాలల ఉపాధ్యాయులు పిల్లలచేత ఈ పని చేయించిన, ప్రతి గ్రామమునకును తన నేల పద్దు తెలియును. తమ మూకుటిలో పొన్నగంటి యెన్ని, వయ్యారిభామ యెన్ని వచ్చెనో వ్రాసి పంపినవారి లెక్కలను ప్రచురించుటకు మేము సిద్ధము.

కాలువల పని మాత్రము అంతవఱకు ఆగదు. 1997 శాసనమువలన ఏర్పడిన నీటి సంఘములకు పూడికతీతలో మాట చెల్లును. డెల్టాలో పదిలక్షల యెకరములకు పైగా ఈ కాలువలపై ఆధారపడి యున్నది. తీసిన బురదను గట్టు వెలుపలివాలునకు అవతలనో, కొబ్బరితోటలకో చేర్చవలయుననియు, లోవాలున పోసిన మంటికి కొలత వ్రాయగూడదనియు టెండరు పత్రములో ఒక్క పంక్తి చేర్చుట వారి చేతిలోని పని. ఎగువ చెఱువులలోను మురుగుకోళ్లలోను మిగిలిన పిలకలను నీరు విడుచుటకు ముందే ఏఱివేయుటకు కూలీలను పెట్టుట రెండవ పని. కాలువ కట్టిన పిదప ఈ సంగతి తలచిన ప్రయోజనము లేదు. యంత్రము దిగకమునుపే పత్రము వ్రాయబడవలయును.